విచారణ

(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది. కవిగారి పద్యాలు అయినవి. ఇక మిగిలింది భోజనం. ఆ రెంటికీ మధ్య నిలబడి మాట్లాడడం ఎంత సాహసమో నాకు తెలుసు. పులిహోర వాసన వస్తూవుండగా ఉపన్యాసం ఎవరి చెవికెక్కుతుంది? అయినా కార్యదర్శిగారు నన్ను వదలలేదు. "మీరు ఆ చర్చివాళ్లతో కలిసి ఏదో చేస్తున్నారట గదా, దానినిగురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఆ "ఏదో" అనే మాటలో రవంత అనుమానం వున్నదని నాకు తోచింది. అనుమానం సహజమే. మొదట్లో నాకున్నూ వుండేది. దాని సంగతి కూడా చెబుతాను.

నేను రైల్వే లెక్కల ఆఫీసులో ముప్ఫై నాలుగేండ్లు పనిచేసి రిటైరయినవాణ్ణి. మా తాతగారి కాలంలో నెల్లూరు జిల్లానుంచి ఈ చెన్నపట్నం చేరుకున్నాము. పెరంబూరులో వుంటాము. మా ఇంట్లో వేంకటేశ్వరుని పటం ముందు రోజూ దీపం వెలుగుతుంది. నేను కథోలికుణ్ణి కాను, కాబోవడమూ లేదు. అయినప్పటికీ 2015నుంచి మా పేటలోని కథోలిక చర్చివారి సేవా సభతో కలిసి నడుస్తున్నాను. ఎందుకు నడుస్తున్నానో చెప్పడమే ఈ పూట నా పని.

ముందుగా ఒక మనవి. నేను చెప్పబోయే మనుషుల పేర్లు చెప్పను. ఇండ్ల గుర్తులు కూడా కొంచెం మార్చి చెబుతాను. అది ఆ సభవారి నియమం. ఆ నియమం ఎంత విలువైనదో నేను దెబ్బతిని నేర్చుకున్నాను.

2015 డిసెంబరు మొదటి వారంలో ఈ నగరాన్ని ముంచిన వరద మీరెవరూ మరచివుండరు. మా వీధిలో మోకాలిబంటి నీళ్లు. పల్లపు పేటల్లో అయితే మంచాలు తేలాయి. మూడోనాడు ఎదురింటి మాస్టారు మా తలుపు తట్టారు. ఆయన తమిళులు, కథోలికులు, బడిపంతులుగా పనిచేసి రిటైరయినవారు. ఇరవై ఏండ్లుగా ఎదురెదురు ఇండ్లలో వున్నాము గాని, "వణక్కం సార్" అనుకోవడం తప్ప మామధ్య పెద్ద మాటలు లేవు. "సార్, మీరు తెలుగువారు గదా? ఒక గంట నాతో రాగలరా? చర్చి హాలులో ఒక ముసలావిడ వున్నది. ఆమె గోడు మాకు సరిగ్గా బోధపడడం లేదు" అన్నారు.

వెళ్లాను. ఆ అవ్వ కార్పొరేషన్లో వీధులు వూడ్చిన మనిషి. భర్తదీ అదే పని. ఆయన పోయి చాలా కాలమయింది. ఈ నగరం వీధులు వూడ్చేవారిలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో వున్నాయన్న సంగతి మనలో చాలామందికి తెలుసు, తెలిసీ తెలియనట్టు వుంటాము. ఆ అవ్వకు తమిళం రాకపోలేదు. బజారులో బేరమాడడానికి వచ్చు. మేస్త్రీకి జవాబు చెప్పడానికి వచ్చు. దుఃఖం చెప్పుకోవడానికి మాత్రం తెలుగే వచ్చు.

నేను పక్కన కూర్చుని, "ఏం అవ్వా, ఏమయింది?" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "మనోడివా నాయనా?" అన్నది. తరువాత చెప్పింది: "రేకుపెట్టెలో కాయితాలుండాయి నాయనా. అయి తడిసిపోతే నేనెవురో ఎవురికీ తెలీదు."

మాటలమీద తెలిసింది, ఆవిడ పదకొండేండ్లు వూడ్చినది మా వీధినే. తెల్లవారుజామున ఆ చీపురు చప్పుడుకే నేను నిద్రలేచేవాణ్ణి. ఆ చీపురు పట్టిన చెయ్యి తెలుగు చెయ్యి అని నాకు తెలియదు. నా ఇంటికి ఫర్లాంగు దూరంలో వున్న మనిషిని నాకు పరిచయం చెయ్యడానికి ఒక తమిళ మాస్టారు రావలసివచ్చింది. సిగ్గుపడ్డాను. అప్పటినుంచి ఆయనతో వెళ్లడం మొదలయింది.

వీరి సంఘాన్ని పునీత విన్సెంట్ డి పాల్ సభ అంటారు. పునీతుడంటే వారిలో మహాత్ముడుగా పూజలందుకునేవాడు. ఈ విన్సెంట్ ఫ్రాన్సు దేశంలో 1581లో పుట్టి 1660లో పోయిన గురువు. సభను స్థాపించింది మాత్రం ఆయన కాదు. ఆయన పోయిన నూటడెబ్బయి మూడేండ్లకు, 1833 ఏప్రిల్ 23న, పారిస్ నగరంలో కొందరు విద్యార్థులు ఆయన పేరుమీద మొదలుపెట్టారు. వారిలో ముఖ్యుడు ఫ్రెడరిక్ ఓజనాం. న్యాయశాస్త్రం చదువుకుంటున్న కుర్రవాడు, సరిగ్గా ఆ రోజుకు ఇరవై ఏండ్లు నిండినవి. అంతకు ముందటేడు, 1832లో, పారిస్‌ను కలరా వూడ్చిపెట్టింది. ఈ కుర్రవాళ్లు సభలు పెట్టి మతాన్నిగురించీ చరిత్రనుగురించీ వాదించుకుంటూవుంటే, ఎదుటి పక్షంవాడొకడు అడిగాడట: మీ మతం పూర్వం గొప్పదే కావచ్చు, ఇప్పుడు మీరు చేస్తున్నదేమిటి? ఆ ప్రశ్నకు వాదంలో జవాబు దొరకలేదు. ఓజనాం తన స్నేహితుడితో కలిసి, చలికాలానికి దాచుకున్న కట్టెల్లో మిగిలినవి మోసుకుపోయి ఒక పేదవాడికి ఇచ్చాడని చెబుతారు. అక్కడ మొదలయింది.

అయితే పేద ఇంటికి ఎట్లా వెళ్లాలో ఆ చదువుకున్న కుర్రవాళ్లకు తెలియదు. నేర్పింది ఒక కన్యాస్త్రీ. రోజలీ రెండూ అని ఆమె పేరు. పారిస్‌లో బీదలుండే ముఫ్తార్ పేటలో పనిచేసేది. ఏ ఇంటికి వెళ్లాలో, వెళ్లి ఎట్లా కూర్చోవాలో, ఏమి అడగకూడదో ఆమె చెప్పింది. ఓజనాం తరువాత సోర్బాన్‌లో ఆచార్యుడయ్యాడు. నలభై ఏండ్లకే, 1853లో, మరణించాడు. ఆయన్ను 1997లో, ఆమెను 2003లో వారి చర్చి "ధన్యులు"గా ప్రకటించింది. ఆ చిన్న గుంపు ఈనాడు సుమారు 150 దేశాలలో వున్నది. దానిలో ఒక చిన్న కొమ్మ మా పెరంబూరులో వున్నది.

వీరి పద్ధతి చెబుతాను. పద్ధతిలోనే సారం వుంది.

వారం వారం పదిమంది కలుసుకుంటారు. ప్రార్థన చేసుకుంటారు. ఆ సమయంలో నేను ఊరకే కూర్చుంటాను. తరువాత ఎవరు ఏ ఇంటికి వెళ్లారో, అక్కడ ఏమి కావాలో చెప్పుకుంటారు. ఒకరికి మందులు, ఒకరికి బడిఫీజు, ఒకరికి రెండు నెలల అద్దె, ఒక విధవరాలికి కుట్టుమిషను. చివరకు ఒక గుడ్డసంచి చేతినుంచి చేతికి తిరుగుతుంది. అందరూ మూసిన పిడికిలి సంచిలో పెట్టి తెరిచి తీస్తారు. ఎవరు వంద వేశారో, ఎవరు పది వేశారో, ఎవరు వట్టి చెయ్యి పెట్టారో ఎవరికీ తెలియదు. గుప్తదానమని మన పెద్దలు అన్నదాన్ని ఇంత తేలికగా చేసి చూపిన సంచి మరొకటి నేను చూడలేదు.

ఇంటికి ఎప్పుడూ ఇద్దరుగా వెళ్లాలి. పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని లోపలికి పోగూడదు. ముందు కూర్చోవాలి. వచ్చేవారం రావచ్చునా అని అడిగి రావాలి. చూసినది, విన్నది బయట చెప్పగూడదు. మతం అడగగూడదు. మా జాబితాలోని ఇండ్లలో హిందువులున్నారు, ముస్లిములున్నారు, క్రైస్తవులున్నారు.

ఇక అనుమానం సంగతి. మా ఇంట్లోనే మా ఆవిడ అడిగింది: "వాళ్లలో కలుపుకుంటారేమో చూసుకోండి" అని. ఇన్నేండ్లలో నన్ను ఎవరూ కలవమనలేదు. మేము వెళ్లిన ఏ ఇంట్లోనూ సాయానికి బదులుగా ప్రార్థన అడగడం నా కంట పడలేదు. అట్లా జరిగివుంటే నేను ఆనాడే మానుకునేవాణ్ణి, మీకు కూడా చెప్పేవాణ్ణి. ఒకసారి నేనే మాస్టారిని అడిగాను, నన్ను ఎందుకు రానిస్తున్నారని. "అవ్వకు తెలుగు కావాలి గదా సార్" అన్నారు. అంతే.

మొదటిసారి అవ్వ ఇంటికి వెళ్లినప్పుడు మాస్టారు లోపలికి పోయి చాపమీద కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. అవ్వ నాకేసి చూసి, "మా ఇంట్లో కూసుంటారా సామీ?" అన్నది. హాలులో "నాయనా" అన్న మనిషి, తన ఇంటి గడప దగ్గర "సామీ" అన్నది. ఆ ఒక్క మాటలో మన చరిత్ర అంతా వుంది. నేను లోపలికి పోయి కూర్చుని, "దాహమవుతున్నది అవ్వా, కాసిని మంచినీళ్లు ఇయ్యి" అన్నాను. ఆవిడ లోటా రెండుసార్లు తోమింది. ఆ నీళ్లు తాగడం గొప్ప పనేమీ కాదు. అరవై ఏండ్లు వచ్చేదాకా తాగకపోవడమే ఆశ్చర్యం.

ఆ రేకుపెట్టెలోని కాగితాలు దక్కినవి. ఆరబెట్టి చూస్తే అసలు చిక్కు బయటపడింది. ఇది మీకందరికీ అనుభవంలో వున్నదే గనుక చెబుతాను. తమిళనాట పేరుకు ముందు వచ్చే అక్షరం తండ్రిదో భర్తదో. మనకు ముందు వచ్చేది ఇంటిపేరు. అవ్వ రేషన్ కార్డులో భర్త పేరు అక్షరం వున్నది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా వ్రాసి దాన్నే ఆవిడ పేరుగా చేశారు. బ్యాంకు పుస్తకంలో ఇంకొకటి. వృద్ధాప్య పింఛను అడగబోతే, ఈ ముగ్గురిలో నువ్వెవరు అన్నారు. మాస్టారి బృందం మంచి మనసుతోనే ఆ ఇంటిపేరును తండ్రి పేరనుకుని దరఖాస్తు నింపింది. దానితో నాలుగో మనిషి తయారయింది! ఇంటిపేరంటే తండ్రి పేరు కాదు, వూరు కాదు, వంశానికి వుండే పేరు అని చెప్పి, వ్రాసి, ప్రమాణపత్రం చేయించి, బల్ల నుంచి బల్లకు తిరిగేసరికి ఏడు నెలలు పట్టింది. పింఛను వచ్చింది. నేను చేసిన మహా సేవ ఏమిటి? నా భాషలో నాకు పుట్టుకతో తెలిసిన ఒక సంగతి చెప్పడం. అది చెప్పగలవాళ్లు ఈ హాలులో ఇన్నూరుమంది వున్నారు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకుంటాను.

ఆ పక్కనే ఒక ఇల్లు వుంది. తండ్రి లేని కుర్రవాడు బాగా చదువుకుంటున్నాడు. కొన్నేండ్ల క్రితం ఇటువంటి సభలోనే అతనికి పదివేల రూపాయల పారితోషికం ఇప్పించాను. వేదికమీద అతన్ని పక్కన నిలబెట్టుకుని, వాళ్ల నాన్న ఏ పని చేసేవాడో, ఎట్లా పోయాడో, తల్లి ఎన్ని ఇండ్లలో పాచిపని చేస్తున్నదో, గొంతు గద్గదమయ్యేటట్టు చెప్పాను. చప్పట్లు మోగినవి. చాలామంది కండ్లు తుడుచుకున్నారు. నేను గూడా నా ఉపన్యాసానికి నేనే సంతోషించాను. మీలో కొందరికి ఆ రోజు గుర్తుండవచ్చు. గుర్తున్నవారు దయచేసి మరచిపోండి.

ఆ కుర్రవాడు కాలేజీలో తన తండ్రి కార్పొరేషన్ ఉద్యోగి అని చెప్పుకున్నాడు. అది అబద్ధం కాదు. ఆ రోజు హాలులో అతని తోటి విద్యార్థి తల్లిదండ్రులు వున్నారు. మరునాటికి కాలేజీ అంతా తెలిసింది. వారం తిరిగేసరికి పదివేలు వున్న కవరు మా ఇంటి కిటికీలోనుంచి లోపల పడివుంది. నేను వెళితే తలుపు తెరవలేదు.

మాస్టారికి చెప్పుకున్నాను. ఆయన కోపగించుకోలేదు. "సార్, మీరు ఇచ్చింది పదివేలు. తీసుకున్నది ఎంత? మీరు లెక్కల ఆఫీసులో పనిచేశారు గదా, కట్టి చూడండి" అన్నారు. ఆ లెక్క నేను ఈనాటికీ కడుతూనే వున్నాను.

ఏం చెయ్యాలని అడిగాను. ప్రతివారం వెళ్లమన్నారు. తలుపు తట్టి, వచ్చానని చెప్పి, తిరిగి రమ్మన్నారు. ఎనిమిది నెలలు అట్లాగే చేశాను. ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం ఆ తల్లి తలుపు తీసి, "వానలో నిలబడ్డారేంది, లోపలికి రండి" అన్నది. కుర్రవాడు చదువు ముగించి ఉద్యోగం చేస్తున్నాడు. నన్ను క్షమించాడో లేదో నేను అడగలేదు. ఈ సభలో ఈ మాట చెప్పవచ్చునా అని మాత్రం అడిగాను. "నా పేరు వద్దు, నేనేం చదివానో వద్దు. మీరు చేసిన తప్పు మటుకు చెప్పండి" అన్నాడు. అందుకని చెప్పాను.

ఇంకొక ఉగాది సంగతి. 2020 మార్చి 25. ఆ రోజే దేశమంతటా లాక్‌డౌన్ మొదలయింది. ఆ రోజే ఉగాది. మన హాలుకు తాళం. చర్చికి తాళం. ఇండ్లకు వెళ్లే వీలు లేదు. మాస్టారు ఫోనులో మా అందరికీ ఇండ్లు పంచి, రోజూ పలకరించమన్నారు. ఒక వరుస కూడా వ్రాసి పంపారు. ఇంట్లో మనుషులున్నవారికి ముందు ఫోను చెయ్యాలి. ఒంటరిగా వున్నవారికి చివర చెయ్యాలి. నాకు అది తలకిందులుగా కనిపించింది. ఒంటరివారికి గదా ముందు చెయ్యాలి అన్నాను.

అప్పుడు ఆయన 1617నాటి సంగతి చెప్పారు. విన్సెంట్ గురువు షాతియోన్ అనే చిన్న వూళ్లో వున్నప్పుడు, వూరి బయట ఒక ఇంట్లో అందరూ జబ్బుపడ్డారని ఆదివారంనాడు కబురు వచ్చింది. ఆయన చర్చిలో ఆ మాట చెప్పాడు. సాయంత్రం తాను బయలుదేరి చూస్తే దారి పొడుగునా జనం, చేతుల్లో తిండి పదార్థాలు. దయకు లోటు లేదు, కాని ఒక పద్ధతి లేదు. ఈ రోజు తిన్నంత తిని మిగిలింది పారబోస్తారు, వచ్చేవారం ఎవరూ రారు. అని తలచి, వూరి స్త్రీలను చేరదీసి, ఒక్కొక్కరోజు ఒక్కొక్కరు వండి తీసుకుపోయేటట్టు వంతులు పెట్టాడు. దానికి నియమాలు వ్రాశాడు. రోగిని నవ్వుముఖంతో పలకరించాలి. చేతులు కడిగించాలి. ప్రేమతో తినిపించాలి. ఆ నియమాల్లో ఒకటి ఇది: మనుషుల తోడు వున్న రోగితో మొదలుపెట్టి, ఒంటరిగా వున్నవారి దగ్గరకు చివర వెళ్లాలి. ఎందుకంటే చివరి ఇంట్లో తొందర వుండదు. ఇంకొక ఇంటికి పోవాలనే ధ్యాస లేకుండా ఎక్కువసేపు కూర్చోవచ్చు.

నాలుగు వందల ఏండ్లనాటి ఆ చిన్న నియమం విని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.

ఆ ఉగాదినాడు నా జాబితాలో చివరి పేరు అవ్వది. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాము. చిన్నప్పుడు వాళ్లమ్మ పచ్చడి ఎట్లా చేసేదో చెప్పింది. "మా లైన్లో యాపచెట్టు ఇరగబూసింది నాయనా, దులిపేవాళ్లే లేరు" అన్నది. చీపురు పట్టిన మనిషి గదా, నేలమీద రాలిన పువ్వు తుడిచేవాళ్లు లేరని కూడా బాధపడింది.

2022లో ఆవిడ పోయింది. లైనులోవాళ్లే మోశారు. వెనుక నడిచిన పైవాళ్లం నలుగురం. ముగ్గురు చర్చివాళ్లు, నేను. మన సంఘంనుంచి వేరే ఎవరూ లేరు. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఆవిడ వున్నదనే మనకు తెలియదు.

గుంటూరు జిల్లానుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక తెలుగు కథోలిక సోదరి ఒకసారి మాటల్లో "మా విచారణ" అన్నారు. ఏ విచారణ అమ్మా, కోర్టు విచారణా అని అడిగాను. ఆమె నవ్వి, తెలుగు కథోలికులు ఒక చర్చి చూసుకునే పేటను విచారణ అంటారని చెప్పారు. అక్కడి గురువు విచారణ గురువు. ఎంత చక్కని మాట! మన పాత వుత్తరాల్లో "అందరినీ విచారించినానని చెప్పవలెను" అని వ్రాసేవారు. తమిళంలో ఇప్పటికీ అదే అర్థంలో వాడుతున్నారు. విచారించడం అంటే బాగున్నారా అని కనుక్కోవడం. అదే మాట ఆఫీసు బల్ల దగ్గరకు పోయేసరికి, నువ్వెవరు, కాగితమేది అని నిలదీయడం అయింది. అవ్వ జీవితంలో ఈ రెండో రకం విచారణ కావలసినంత జరిగింది. మొదటి రకం విచారణ ఒక ముసలి తమిళ మాస్టారు చేశారు.

ఇది మనకు కొత్త విద్య కాదు. గోదావరి లంకల్లోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూసేదాకా వేళగాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టారు. అంతర్వేది తీర్థానికి బయలుదేరి, తన ఇంటికి ఆకలితో జనం వస్తున్నారని దారిలో విని, దేవుణ్ణి చూడకుండానే వెనక్కు మళ్లారని చెప్పుకుంటారు. అమరజీవి పొట్టి శ్రీరాములుగారికి మనం ఏటా పూలమాల వేస్తాము. రాష్ట్రంకోసం ఆయన 1952 డిసెంబరు 15న ఈ నగరంలో ప్రాణం విడిచిన సంగతి మన పిల్లలకు కూడా చెబుతాము. దళితులను గుడిలోకి రానివ్వాలని 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంకోసం ఆయన నిరాహారదీక్ష చేసిన సంగతి ఎందరికి చెబుతున్నాము? ఆయన పేరు చెప్పుకునే మనం ఆ లైనులో తెలుగువాళ్లున్నారని మరచిపోతే ఆ పూలమాలకు అర్థమేమిటి?

ఇంటింటికీ తిరిగితే పేదరికం పోతుందా అని మీరు అడగవచ్చు. పోదు. జీతం సరిగ్గా రావాలి, ఇల్లు వుండాలి, కాగితం వేళకు కదలాలి. అవి న్యాయానికి సంబంధించిన విషయాలు. దానం ఒక్కటే చాలదనీ, న్యాయం కావాలనీ ఓజనాం కూడా 1848లో పత్రికల్లో వ్రాసి వాదించాడు. కాని ఎవరికి ఏ న్యాయం జరగలేదో, గడప దాటి లోపల కూర్చోనివాడికి ఎట్లా తెలుస్తుంది?

కనుక నా కోరిక చిన్నది. మన సంఘం ఏటా అన్నదానం చేస్తున్నది, చీరలు పంచుతున్నది. మంచిదే. అది రాగలిగినవారికి. రాలేనివారి సంగతి చూడడానికి ఆరు జతలు కావాలి. పన్నెండుమంది. ఒక్కొక్క జతకు రెండేసి ఇండ్లు. పదిహేను రోజులకొకసారి ఒక గంట. ఫోటోలు వద్దు, బ్యానరు వద్దు, ఈ వేదికమీద పేర్లు చదవడం అసలే వద్దు. నడవలేని పెద్దలు ఫోను చెయ్యవచ్చు. ఆఫీసుల్లో పనిచేసినవారు దరఖాస్తులు నింపవచ్చు. నెలసరి సమావేశంలో ఒక గుడ్డసంచి తిప్పుదాము. సంచి మా ఆవిడ కుట్టింది. తెచ్చాను, ఇదిగో. ఇందాక అనుమానపడిందని చెప్పాను గదా, ఆవిడే.

ఎట్లా వెళ్లాలో తెలియకపోతే మాస్టారు నేర్పుతామన్నారు. ఆయన వెనుక వరుసలో కూర్చున్నారు. ఆయనకు మన తెలుగు సగమే అర్థమవుతుంది గనుక, పొగిడినా ఇబ్బంది లేదని ధైర్యంగా చెప్పాను.

ఈ పూట మనమందరం ఉగాది పచ్చడి తిన్నాము. చేదు కూడా వుంది గాని, ఇంటినిండా మనుషులుంటే ఆ చేదు తెలియదు. భోజనాలయిన తరువాత ఒక చిన్న గిన్నెలో పచ్చడి పట్టుకుని నేనూ మాస్టారూ ఒక ఇంటికి వెళుతున్నాము. జాబితాలో అది చివరి ఇల్లు. తొందర లేదు. ఎవరైనా తోడు రాదలచుకుంటే గేటు దగ్గర వుంటాము.